పెద్దావిడ చూసింది నిజమే

ఒక పెద్దావిడ లండన్‌లో క్రిస్మస్ షాపింగ్ చేసుకుని రైలెక్కింది. ఓ కునుకు తీసి లేచాక చూస్తే పక్క పట్టాల మీద అదే దిక్కుగా ఇంకో రైలు వెళ్తోంది, రెండూ ఒకే వేగంతో నడుస్తుండడంతో ఎదుటి పెట్టెలోని మనుషులు స్పష్టంగా కనిపిస్తున్నారు. ఉన్నట్టుండి ఒక కిటికీ తెర పైకి లేచింది. లోపల ఒక మగవాడు, వీపు ఇటు తిప్పి, ఒకామె గొంతు నులుముతున్నాడు. ఆమె వాలిపోయింది. ఆ రైలు ముందుకు దూసుకుపోయింది. పెద్దావిడ టికెట్ కలెక్టర్‌ని పిలిచి చెప్పింది. అతను మర్యాదగానే విని, నిద్రలో కలొచ్చిందేమో చూసుకోండి అన్నట్టు మాట్లాడాడు. పోలీసులు వెతికారు, శవం దొరకలేదు. ఇక అక్కడితో అయిపోవాల్సిందే. కానీ ఆవిడ వెళ్తున్నది తన స్నేహితురాలి ఇంటికి. ఆ స్నేహితురాలు అంతా విని, నువ్వు చూశానంటున్నావంటే చూసే ఉంటావు అని నమ్మింది. ఎందుకంటే ఈవిడకి కథలల్లే అలవాటు లేదని, ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషని ఇన్నేళ్ళ స్నేహంలో ఆమెకి బాగా తెలుసు.

అగాథా క్రిస్టీ 1957లో రాసిన '4.50 ఫ్రమ్ పాడింగ్టన్' ఇలా మొదలవుతుంది. నమ్మిన స్నేహితురాలు మిస్ మార్పుల్, క్రిస్టీ నవలల్లో హత్యల గుట్టు విప్పే పెళ్ళికాని పెద్దావిడ. హంతకుడెవరో తెలిసిపోయాక కూడా నేను ఈ నవల మళ్ళీ మళ్ళీ తీసేది ఈ మొదటి పేజీల కోసమే. ఒక వయసు మళ్ళిన ఆడమనిషి ఒక మాట చెప్పింది, రైల్వే వాళ్ళు నమ్మలేదు, పోలీసులు సగం నమ్మారు, ఇంకో వయసు మళ్ళిన ఆడమనిషి పూర్తిగా నమ్మింది, ఆ నమ్మకం మీద మొత్తం నవల నిలబడింది. ఈ రకం పుస్తకాలంటే నాకెందుకంత ఇష్టమో చెప్పమంటే ముందుగా ఇదే చెప్తాను.

కోజీ మిస్టరీలు అనే ఈ నవలల గురించి మన దగ్గర మాట్లాడేవాళ్ళు రెండు రకాలు. ఒకరు టైమ్‌పాస్ అంటారు. ఇంకొకరు, ఇష్టపడేవాళ్ళే, రోజంతా ఆఫీసు టెన్షన్ పడ్డాక హాయిగా ఉంటాయి అంటారు. రెండో మాట నాకూ కొంత నిజమే. రక్తం పేజీ మీద చిందదు. హింసని వర్ణిస్తూ కూర్చోరు. చిన్న ఊరు, తోట, పిల్లి, టీ, చర్చిలో పూలు సర్దే ఆడవాళ్ళు, చివరికి దోషి దొరకడం, ఇవన్నీ ఉంటాయి, ఇవన్నీ నాకూ కావాలి. పడుకునే ముందు ఒక అధ్యాయం చదివితే నిద్ర పడుతుంది, అందులో తప్పేమీ లేదు. కానీ హాయి కోసమే అయితే హత్య లేని పుస్తకాలు చాలా ఉన్నాయి కదా. తోటపని గురించి చదవొచ్చు, వంటల పుస్తకం చదవొచ్చు. హత్య ఉన్న పుస్తకమే ఎందుకు కావాలి, అందులోనూ పోలీసు కాని, లాయరు కాని, ఏ అధికారమూ లేని ఒక స్త్రీ దాన్ని తేల్చే పుస్తకమే ఎందుకు కావాలి?

నా జవాబు ఇది. మామూలు జీవితంలో ఆడవాళ్ళకి తెలిసిన సంగతులు చాలావాటికి విలువ ఉండదు. ఎవరింట్లో పాలవాడికి బాకీ పడ్డారు, ఎవరి కోడలు పుట్టింటికి వెళ్ళి ఎన్నాళ్ళయింది, ఎవరు కొత్తగా తాళాలు మార్పించారు, ఎవరు ఈ మధ్య మందుల షాపుకి ఎక్కువగా వెళ్తున్నారు, ఇలాంటివి తెలిసినవాళ్ళని మనం ఊసుపోక కబుర్లు చెప్పుకునేవాళ్ళంటాం. ఈ నవలల్లో మాత్రం అవన్నీ సాక్ష్యం. చూసినది చూసినట్టు గుర్తుపెట్టుకున్న మనిషికి అక్కడ గౌరవం దొరుకుతుంది. నాకు హాయినిచ్చేది ఆ గౌరవం. తోటా టీ దాని తర్వాతే.

'ద బాడీ ఇన్ ద లైబ్రరీ' (1942) చూడండి. ఒక పెద్ద ఇంటి లైబ్రరీలో పార్టీ గౌనులో ఉన్న అమ్మాయి శవం. పోలీసు అధికారులు పెద్ద ప్రశ్నలన్నీ వేస్తుంటారు. మిస్ మార్పుల్ ఆ అమ్మాయి గోళ్ళు చూసింది, కొరికి ఉన్నాయి. వేసుకున్న గౌను పాతది. ఆ వయసు ఆడపిల్ల ఎప్పుడు ఏ బట్టలు వేసుకుంటుంది, ఎవరిని కలవడానికి వెళ్తే ఏది తీస్తుంది, ఈ లెక్క తెలియనివాళ్ళకి ఆ గౌను కేవలం గౌను. ఇది తెలియాలంటే పెళ్ళిళ్ళకి, పేరంటాలకి తయారయ్యే ఆడపిల్లల్ని చూస్తూ పెరిగి ఉండాలి. మన ఇళ్ళల్లో ఏ పెద్దమ్మ అయినా ఆ శవాన్ని చూస్తే ఆ రెండూ గమనించి ఉండేదని నాకు గట్టి నమ్మకం.

మళ్ళీ పాడింగ్టన్ రైలు దగ్గరికి వస్తే, మిస్ మార్పుల్ అదే రైల్లో మళ్ళీ ప్రయాణం చేసి, మ్యాపులు పరిచి, రైలు మలుపు తిరిగేచోట గట్టు పక్కనే ఉన్న ఒక పెద్ద ఎస్టేటులో శవం పడి ఉంటుందని లెక్క కట్టింది. కానీ తనకి వయసైపోయింది, పొదల్లో దూరి వెతకడం కుదరదు. అందుకని లూసీ ఐల్స్‌బరో అనే అమ్మాయిని ఆ ఇంట్లోకి పనిమనిషిగా పంపింది. ఈ లూసీ ఆక్స్‌ఫర్డ్‌లో గణితంలో ఫస్ట్ తెచ్చుకున్న మనిషి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఇంగ్లండులో ఇంటిపనికి మనుషులు దొరకడం లేదని, నిజంగా కొరత ఉన్నది అక్కడేనని గమనించి, కాలేజీ ఉద్యోగం వద్దనుకుని, గొప్ప జీతంతో ఇళ్ళు చక్కదిద్దే పని ఎంచుకుంది. గిన్నెలు తోముతుంది, పుడింగులు చేస్తుంది, మధ్యాహ్నం గోల్ఫు కర్ర పట్టుకుని బంతి వెతుకుతున్నట్టు తోటంతా గాలిస్తుంది. వంటింట్లో ఉన్న మనిషిని ఎవరూ పట్టించుకోరు కాబట్టి అందరూ ఆమె ముందే అన్నీ మాట్లాడతారు. ఇంటిపనిని ఇంత తెలివైన పనిగా, ఇంత కచ్చితమైన పనిగా చూపించిన నవలలు సాహిత్యంలో గొప్పవనిపించుకున్న వాటిల్లోనూ నాకు ఎక్కువ కనపడలేదు.

దీనికి ఎదురు వాదన పాతదే, గట్టిదే. అమెరికన్ రచయిత రేమండ్ చాండ్లర్ 1944లో ఒక ప్రసిద్ధ వ్యాసం రాశాడు. ఇంగ్లీషు పల్లెటూళ్ళ హత్యలు కృత్రిమమని, హత్యని తోటల్లోంచి తీసుకెళ్ళి మళ్ళీ వీధుల్లోకి, నిజంగా చంపేవాళ్ళ చేతుల్లోకి ఇవ్వాలని ఆ వ్యాసం సారాంశం. చాండ్లర్ వచనం అద్భుతం, నేను కాదనను. కానీ వీధిలో జరిగేదే అసలైన హత్య, ఇంట్లో జరిగేది అల్లిక అనే మాటని నేను ఒప్పుకోలేను. ఐక్యరాజ్యసమితి లెక్కల ప్రకారం 2023లో ప్రపంచం మొత్తం మీద హత్యకు గురైన ఆడవాళ్ళు దాదాపు 85,000 మంది. వాళ్ళలో దాదాపు 51,000 మందిని చంపింది భర్తో, సహజీవనం చేస్తున్నవాడో, కుటుంబసభ్యులో. అంటే నూటికి అరవై మంది. మన దేశంలో అదే ఏడాది నమోదైన వరకట్న మరణాలు ఆరు వేలకు పైనే. ఆడవాళ్ళ వరకు చూస్తే చంపేవాడు చీకటి సందులో నిలబడి లేడు, భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. వీలునామా, ఇన్సూరెన్సు, ఆస్తి, పరువు, రెండో పెళ్ళి, ఇవే కారణాలు. క్రిస్టీ నవలల్లో ఉండేవీ ఇవే. ఈ విషయంలో ఆమె చాండ్లర్ కంటే వాస్తవానికి దగ్గరగా ఉందని నేనంటాను, ఎవరు నవ్వినా సరే.

ఇక ఈ పుస్తకాలు మెత్తవి అనేవాళ్ళు 'ఎ పాకెట్ ఫుల్ ఆఫ్ రై' (1953) చదవాలి. ఒక ధనిక కుటుంబంలో వరసగా చావులు. అందులో ఒకటి గ్లాడిస్ అనే పనమ్మాయిది. అనాథాశ్రమంలో పెరిగిన పిల్ల, అమాయకురాలు, సినిమాల పిచ్చి. బట్టలారేసే తాడు దగ్గర చంపి, ఆమె ముక్కుకి బట్టల క్లిప్పు పెట్టి వెళ్ళాడు హంతకుడు. ఆ పిల్లకి ఒకప్పుడు ఇంటిపని నేర్పింది మిస్ మార్పుల్. పేపర్లో వార్త చూసి బయల్దేరి వచ్చింది. ఎవరూ పిలవలేదు. చంపింది చాలక ఆ క్లిప్పు పెట్టడం, ఒక పనిపిల్ల శవాన్ని అలా ఎగతాళి చేయడం ఆమెకి భరించరానిదయింది. ఆ ఇంట్లో వాళ్ళు తమవాళ్ళ చావుల గురించే ఆలోచిస్తున్నారు, గ్లాడిస్ గురించి నిజంగా కోపం వచ్చింది ఒక్క ఈ పెద్దావిడకే. ఆ నవల చదివినప్పుడల్లా ఆ కోపం నాకూ వస్తుంది. ఉన్ని అల్లుకునే ముసలమ్మ అని తేలిగ్గా తీసేసేవాళ్ళకి ఆ కోపం కనపడలేదంటే వాళ్ళు పుస్తకం తెరవలేదనే నేననుకుంటాను.

అలాగని క్రిస్టీకి పనివాళ్ళంటే ఎప్పుడూ ఇంత గౌరవం ఉందని చెప్పను. చాలా నవలల్లో పనిమనుషులు తెలివితక్కువవాళ్ళు, జలుబుతో ముక్కు ఎగబీలుస్తూ ఉంటారు, విదేశీయులైతే ఇంకా అన్యాయం. చదువుతుంటే అది గుచ్చుకుంటుంది, గుచ్చుకోవాలి కూడా. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో టార్కీ ఊళ్ళో ఆసుపత్రిలో మందులు కలిపే పని చేసి, 1917లో దానికి సంబంధించిన పరీక్ష పాసైన మనిషి కాబట్టి విషాల గురించి ఆమె రాసింది మాత్రం వంక పెట్టలేనంత కచ్చితం. 1977లో లండన్‌లో ఒక ఆసుపత్రికి ఖతర్ నుంచి జబ్బుపడ్డ పసిబిడ్డని తెచ్చారు, డాక్టర్లకి కారణం అంతుపట్టలేదు. అక్కడి నర్సు అప్పుడు క్రిస్టీ 'ద పేల్ హార్స్' చదువుతోంది. ఈ లక్షణాలు థాలియం విషానివిలా ఉన్నాయని ఆమె అంది. పరీక్ష చేస్తే అదే తేలింది. జబ్బు నిర్ధారించే అధికారం లేని ఒక స్త్రీ చూసి, పోల్చి, నోరు విప్పి చెప్పింది. ఆసుపత్రి వాళ్ళు విన్నారు. ఈ నవలల్లో జరిగేదే బయట కూడా జరిగిందని చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఈ పాత్ర క్రిస్టీతోనే పుట్టలేదు. అమెరికన్ రచయిత్రి అన్నా కాథరిన్ గ్రీన్ 1897లోనే అమీలియా బటర్‌వర్త్ అనే పెళ్ళికాని న్యూయార్క్ ఆవిడని సృష్టించింది. అర్ధరాత్రి కిటికీలోంచి పక్కింటివైపు చూస్తే ఇద్దరు లోపలికి వెళ్ళారు, ఒక్కడే బయటికి వచ్చాడు. అక్కడితో ఆవిడకి పని దొరికింది. కానీ పెళ్ళికాని స్త్రీ పరిశోధకురాలిగా ఒక వెల్లువలా వచ్చింది మొదటి ప్రపంచయుద్ధం తర్వాత ఇంగ్లండులోనే, దానికి కారణం ఉంది. 1921 జనాభా లెక్కల్లో ఇంగ్లండు, వేల్స్‌లో మగవాళ్ళ కంటే ఆడవాళ్ళు 17 లక్షలకు పైగా ఎక్కువని తేలింది. పత్రికలు వాళ్ళని మిగులు స్త్రీలు అన్నాయి. ఏమి దారుణమైన మాట! పెళ్ళయ్యే అవకాశం లేదు కాబట్టి దేశానికి అక్కర్లేనివాళ్ళన్నట్టు. ఇంగ్లీషు రచయిత్రి డోరతీ సేయర్స్ 1927లో ఒక నవలలో మిస్ క్లింప్సన్ అనే అలాంటి ఆవిడని తీసుకొచ్చి, ఈమెకి ఎవరినైనా ఏదైనా అడిగే సహజమైన చనువు ఉంది, పోలీసులు జీతాలిచ్చి వాడుకోవాల్సింది ఇలాంటివాళ్ళనే అని తన డిటెక్టివ్ లార్డ్ పీటర్ చేత చెప్పించింది. అదే ఏడాది చివర్లో ఒక పత్రిక కథలో మిస్ మార్పుల్ మొదటిసారి కనిపించింది. దేశం మిగులు అన్న మనుషులనే ఈ రచయిత్రులు అందరికంటే ముందు చూడగలిగినవాళ్ళుగా నిలబెట్టారు.

ఆ 1921 నన్ను వదలదు, ఎందుకంటే మన దేశం గురించి ఇప్పుడు వస్తున్న చారిత్రక మిస్టరీల్లో నాకు బాగా నచ్చిన రెండు సిరీస్‌లూ సరిగ్గా ఆ ఏడాదిలోనే మొదలవుతాయి.

మొదటిది సుజాతా మెస్సీ రాసిన పర్వీన్ మిస్త్రీ నవలలు. 2018లో వచ్చిన మొదటిదాని పేరు 'ద విడోస్ ఆఫ్ మలబార్ హిల్'. పర్వీన్ బొంబాయిలో తండ్రి లా ఆఫీసులో పనిచేసే పార్సీ యువతి, ఆక్స్‌ఫర్డ్‌లో చదివింది, కానీ కోర్టులో లేచి నిలబడి వాదించే హక్కు లేదు. చనిపోయిన ఒక ముస్లిం మిల్లు యజమాని ముగ్గురు భార్యలు పరదాలో ఉన్నారు. ముగ్గురూ పెళ్ళిలో భర్త నుంచి తమకి హక్కుగా వచ్చిన మెహర్ ఆస్తిని వక్ఫ్‌కి, అంటే ధర్మాదాయ నిధికి, వదులుకుంటున్నట్టు ఒక కాగితం వచ్చింది. పర్వీన్‌కి అనుమానం వచ్చింది. వాళ్ళకి ఆ కాగితంలో ఏముందో తెలుసా? తండ్రి వెళ్ళి అడగలేడు, అతన్ని లోపలికి రానివ్వరు. ఆ తర్వాత ఇంట్లో హత్య జరిగితే పోలీసులకీ అదే ఇబ్బంది. ఏ ఆడతనం వల్ల కోర్టు తలుపు ఆమెకి మూసుకుందో ఆ ఆడతనం వల్లే జనానా తలుపు తెరుచుకుంది. రచయిత్రి దీన్ని ఎక్కడా ఉపన్యాసంగా చెప్పదు. కథ నడవాలంటే ఆ తలుపు తెరుచుకోవాలి, అంతే.

ఇది కల్పన అనుకోకండి. పర్వీన్ వెనక కొర్నీలియా సొరాబ్జీ ఉంది. 1866లో పుట్టింది. 1889లో ఆక్స్‌ఫర్డ్‌లోని సోమర్‌విల్‌లో చేరింది, 1892లో బీసీఎల్ అనే లా పరీక్ష రాసింది, ఆక్స్‌ఫర్డ్‌లో ఆ పరీక్ష రాసిన మొదటి మహిళ. కానీ ఆడవాళ్ళకి డిగ్రీలిచ్చే పద్ధతి అక్కడ 1920 దాకా లేదు. ఇక్కడికొచ్చాక కోర్టులు చాలాకాలం ఆమెని లాయరుగా ఒప్పుకోలేదు. 1904 నుంచి బెంగాల్‌లో మైనర్ల, స్త్రీల ఎస్టేట్లని చూసుకునే సర్కారు విభాగం కోర్ట్ ఆఫ్ వార్డ్స్ తరఫున ఆమె చేసిన ఉద్యోగమే పరదాలో ఉన్న జమీందారీ స్త్రీల దగ్గరికి వెళ్ళి వాళ్ళ ఆస్తి వ్యవహారాలు వినడం. భర్త పోయిన చిన్నవయసు రాణి, చుట్టూ ఆస్తి మీద కన్నేసిన బంధువులు, చదవలేని కాగితం మీద వేలిముద్ర, మైనరు వారసుడికి ఉన్నట్టుండి జబ్బు. హత్యా నవల రాయడానికి ఇంకేం కావాలి? అలహాబాద్ హైకోర్టు ఆమెని వకీలుగా నమోదు చేసుకున్నది 1921లో. దేశమంతటా మహిళలకి లాయరు వృత్తి తెరిచిన చట్టం వచ్చింది 1923లో. పర్వీన్ కథ ఆ చట్టం రాకముందు నడుస్తోందన్నది గుర్తుపెట్టుకుని చదివితే ప్రతి పేజీలో టెన్షన్ ఇంకోలా ఉంటుంది.

పర్వీన్ స్వంత కథలో కూడా నాకు గుండె పట్టేసిన భాగం ఒకటుంది. కలకత్తాలో అత్తవారింట్లో నెలసరి రోజుల్లో ఆమెని ఒక ఇరుకు గదిలో వేరుగా పెడతారు. ఆ గది వాసన, ఆ ఒంటరితనం, చివరికి భర్త మీద కేసు వేస్తే అప్పటి పార్సీ చట్టం ప్రకారం విడిగా ఉండడానికి తీర్పు వచ్చింది తప్ప విడాకులు రాలేదు. అంటే ఇక మళ్ళీ పెళ్ళి లేదు. చట్టం చదవాలని ఆమెకి అంత పట్టుదల ఎందుకొచ్చిందో అప్పుడు అర్థమవుతుంది. మలబార్ హిల్ ఇంట్లో ఆ ముగ్గురు స్త్రీల మాటలు ఆమె అంత ఓపిగ్గా ఎందుకు వింటుందో కూడా.

రెండో సిరీస్ హరిణి నాగేంద్ర రాసింది. ఆమె బెంగళూరులో పర్యావరణ శాస్త్రం చెప్పే ప్రొఫెసర్. 'ద బెంగళూర్ డిటెక్టివ్స్ క్లబ్' 2022లో వచ్చింది. కావేరి అనే పందొమ్మిదేళ్ళ అమ్మాయి, డాక్టరు భార్య, లెక్కలంటే ప్రాణం, అత్తగారికి తెలియకుండా పుస్తకాలు చదువుకుంటుంది. సెంచరీ క్లబ్బులో డిన్నరు జరుగుతుండగా హత్య. ఇది మెస్సీ నవలల కంటే తేలిక, కొన్నిచోట్ల మరీ సాఫీగా పోతుంది, భర్త మరీ మంచివాడు అనిపిస్తుంది. అయినా నాకిష్టం. చెట్లు, చెరువులు, కంటోన్మెంటుకీ పాత ఊరికీ మధ్య తేడా, ఎవరు ఎవరింట్లో నీళ్ళు తాగుతారు అన్న పట్టింపులు, ఇవన్నీ తెలిసిన మనిషి రాసినట్టుంటుంది. కావేరికి సాయం చేసేవాళ్ళు పక్కింటి పెద్దావిడ, పాలవాడి కుటుంబం వంటివాళ్ళు. ఒక్కో మనిషికీ ఊరిలో ఒక్కో ముక్క తెలుసు, అవన్నీ ఒకచోట చేర్చడమే ఈమె పని.

అన్ని చారిత్రక మిస్టరీలూ ఇలా ఉండవు. వందేళ్ళ కిందటి చీర కట్టించి, మన కాలపు మనసు పెట్టేసిన కథానాయికలంటే నాకు విసుగు. ఏ మాటకీ తడబడదు, కులం గురించి, మతం గురించి, పెళ్ళి గురించి ఆమెకి అన్నీ ఇప్పటి అభిప్రాయాలే, ధైర్యానికి ఏ మూల్యమూ చెల్లించదు. అలాంటి పుస్తకం చదివితే ఆ కాలపు ఆడవాళ్ళని అవమానించినట్టు ఉంటుంది నాకు. వాళ్ళు నిజంగా ఏమి దాటి వచ్చారో మనకి కనపడకుండా పోతుంది. కొర్నీలియానే తీసుకోండి, పరదా స్త్రీల కోసం అంత పనిచేసిన మనిషి స్వాతంత్ర్యోద్యమాన్ని వ్యతిరేకించింది, గాంధీని గట్టిగా విమర్శించింది, బ్రిటిష్ పాలన ఉండాలనే కోరుకుంది. ఇప్పటి పాఠకులకి నచ్చేలా దిద్దితే ఆ మనిషే మిగలదు. ఆ మొండితనంతో సహా ఆమెని నవలలో పెట్టగలిగే రచయిత్రి కావాలి.

అలాగే అధికారం ఎక్కువైన కథానాయికలతో నాకు అంత సరిపడదు. కెర్రీ గ్రీన్‌వుడ్ రాసిన ఫ్రైనీ ఫిషర్ నవలలు, 1928 మెల్‌బోర్న్ నేపథ్యం, చాలామందికి ప్రాణం. సరదాగానే ఉంటాయి. కానీ ఫ్రైనీకి డబ్బుంది, బిరుదుంది, కారుంది, పిస్తోలుంది. తలుపు తెరుచుకోకపోతే ఇంకో దారి కొనుక్కోగలదు. మార్పుల్‌కి, పర్వీన్‌కి అది కుదరదు. నిజం తెలిసినా అరెస్టు చేయలేరు, తాము చెప్పింది ఒక మగ అధికారి వింటేనే పని జరుగుతుంది. అందుకే ఈ నవలల్లో ఎప్పుడూ వినే మనసున్న ఒక పోలీసాయన ఉంటాడు, కావేరికి ఇన్‌స్పెక్టర్ ఇస్మాయిల్, మార్పుల్‌కి స్కాట్‌లండ్ యార్డ్ మాజీ కమిషనర్ సర్ హెన్రీ. ఇది సౌకర్యం కోసం పెట్టిన పాత్ర అని విమర్శకులంటారు. నాకు మాత్రం అందులో బాధ కనిపిస్తుంది. ఎంత తెలివున్నా చివరికి వేరేవాళ్ళ సంతకం కావాలి. అధికారం లేకపోవడం ఇక్కడ ఒట్టి అలంకారం కాదు, పరిశోధన పద్ధతే దానిలోంచి వస్తుంది. బెదిరించలేరు కాబట్టి వినాలి. సోదా చేయలేరు కాబట్టి గుర్తుపెట్టుకోవాలి.

మరి తెలుగులో? అద్దె పుస్తకాల షాపుల కాలం నుంచి మనకి డిటెక్టివ్ నవలలకి కరువు లేదు. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్, అసిస్టెంటు రాజు, తర్వాత మధుబాబు షాడో, వీళ్ళని చదవని ఇల్లు లేదు. వాటిని తెగ చదివినవాళ్ళలో ఆడవాళ్ళు ఎంతోమంది. కానీ జనం నోళ్ళలో నిలిచిపోయిన పరిశోధకుల పేర్లన్నీ మగవాళ్ళవే. వారపత్రికల్లో రచయిత్రులు ఏలిన రోజుల్లో కూడా వాళ్ళకి ప్రేమ, పెళ్ళి, కుటుంబం దక్కాయి, హత్య మగవాళ్ళ వాటాకి పోయింది. నాకిది ఇప్పటికీ బాధే.

నిజానికి మనకి అలాంటి స్త్రీ చాలా ముందే ఉంది. కన్యాశుల్కంలో లుబ్ధావధాన్లు మీద పడిన ఖూనీ కేసు గుర్తు తెచ్చుకోండి. పెళ్ళికూతురు మాయమైంది, ముసలాయనే చంపేశాడని కేసు, పోలీసులు, వకీళ్ళు, దొంగసాక్షులు, విశాఖపట్నమంతా తిరుగుతున్నారు, జరగని ఖూనీ చుట్టూ. అసలు పెళ్ళికూతురే మగపిల్లాడన్న సంగతి తెలిసినది, ఎవరు ఎవరితో ఏం మాట్లాడారో అన్నీ తెలిసినది మధురవాణి. రాత్రివేళ మగవేషం వేసుకుని సౌజన్యారావు పంతులు ఇంటికి వెళ్ళి ఆ నిజం చెప్పేది ఆమే. వేశ్య కాబట్టి కోర్టులో ఆమె మాటకి విలువ లేదు, వేశ్య కాబట్టే ఊళ్ళో మగవాళ్ళందరి గుట్టూ ఆమె దగ్గరే ఉంది. ఇది పత్తేదారు కథ కాదు, మధురవాణి ఏదీ కనిపెట్టలేదు, ముందునుంచీ కుట్రలో భాగస్వామి. అయినా అధికారం లేని స్త్రీ చేతిలో నిజం ఉండడమనే ఆ ఏర్పాటు మాత్రం గురజాడ మనకి ఎప్పుడో ఇచ్చేశాడు. దాన్ని ముందుకు తీసుకెళ్ళినవాళ్ళు లేరు.

ఇక 1921 మన జిల్లాల్లో ఎలా ఉందో చూడండి. ఆ ఏప్రిల్‌లో గాంధీ కాకినాడ వచ్చినప్పుడు పన్నెండేళ్ళు కూడా నిండని దుర్గాబాయి (తర్వాత దుర్గాబాయి దేశ్‌ముఖ్), దేవదాసీలనీ పరదాలో ఉండే ముస్లిం స్త్రీలనీ ఆయన్ని కలిసేలా చేయాలని పట్టుబట్టి, నిర్వాహకులు అడిగిన అయిదు వేల రూపాయలు పోగయ్యేలా చేసి, ఆ సభ జరిపించింది. రెండు రకాల మూసిన తలుపుల్లోకి వెళ్ళి మాట్లాడి రాగలిగిన పిల్ల! తర్వాత ఆమె లాయరు కూడా అయింది. అదే ఏడాది చీరాల, పేరాల జనం మున్సిపాలిటీ పన్నులు కట్టేది లేదని ఇళ్ళొదిలేసి, ఊరి బయట రామ్‌నగర్ అని పాకలు వేసుకుని పదకొండు నెలలు ఉన్నారు, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో. ఆ పాకల మధ్య ఒక హత్య జరిగిందనుకోండి. ఇరుగుపొరుగు మారిపోయారు, నేతపని వాళ్ళూ వ్యాపారులూ పక్కపక్కనే, తాళం వేసి వదిలేసిన ఇళ్ళు అవతల ఖాళీగా ఉన్నాయి, సర్కారు వేగులు తిరుగుతున్నారు, పోలీసులకి చెప్తే ఉద్యమానికి చేటు. ఎవరు తేలుస్తారు? కాన్పులు చేసే మంత్రసాని తేలుస్తుంది, ఆమెకి ప్రతి పాకలోకీ దారుంది, ఏ బిడ్డ ఎవరిదో, ఎవరి ఒంటి మీద దెబ్బలున్నాయో తెలుసు. లేదా పది ఇళ్ళల్లో వంట చేసే విధవరాలు, గుండు మీద ముసుగు కప్పుకుని మూల కూర్చుంటే ఎవరూ ఆమెని లెక్కచేయరు, ఆమె ముందే అన్నీ మాట్లాడతారు.

నాకు ఈ నవల కావాలి. రాయాలంటే చాలా తెలియాలి: అప్పటి మగ్గం గుంట లోతెంత, పాక నిప్పంటుకుంటే ఎంతసేపట్లో కాలుతుంది, పోస్టాఫీసులో ఉత్తరాలు ఎవరు తెరిచి చూసేవాళ్ళు, ఏ ఇంట్లో గన్నేరుపప్పు ఉండేది, ఎందుకు ఉండేది. ఆ మంత్రసాని మన కాలపు మాటలు మాట్లాడకూడదు. ముట్టు, మైల, శాంతి, శకునం అన్నీ నమ్ముతూనే తెలివిగా ఉండాలి. ఎవరైనా రాస్తుంటే రాతప్రతి దశలోనే చదివి పెట్టడానికి నేను సిద్ధం, మంత్రసాని ఆ పాకలోకి ఎందుకు వెళ్ళిందన్న దగ్గర్నుంచీ ప్రశ్నలు అడుగుతాను.